చిటపటల వేట: లినక్సులో రికార్డింగ్ సెటప్ డైరీ

శనివారం పొద్దున

పని ఇదీ. లినక్సు ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్లూ రెండు అవుట్‌పుట్లూ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటారునీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, ఒక గిటారు, కంప్యూటర్‌కి స్వరాలు పంపే ఒక చిన్న మిడి కీబోర్డు. వీటితో ఒక పాటని ట్రాకులు ట్రాకులుగా రికార్డు చెయ్యగలగాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్డౌర్. పాడేది అక్క, వాయించేది నేను.

ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టుకుంటున్నాను, లేకపోతే ఈ పని ఎప్పటికీ తెమలదు. అక్క పాడుతుంటే తన గొంతు, కొంచెం రివర్బ్‌తో (గదిలో మారుమోగినట్టు వినిపించే ఎఫెక్టుతో) కలిసి, ఆలస్యం తెలియకుండా హెడ్‌ఫోన్స్‌లో వినపడాలి. పూర్తి టేకులో ఒక్క చిటపట కూడా ఉండకూడదు. మిషను ఆపి మళ్లీ ఆన్ చేసినా ఇదంతా అలాగే పనిచెయ్యాలి. ఈ చివరిదే అసలు పరీక్ష. లినక్సులో సౌండ్ ఒకసారి పలికించడం పెద్ద విషయం కాదు. రేపు కూడా పలకాలి.

వేరే సిస్టమ్ వేసుకుంటే పోలా అని అడిగేవాళ్లకి ముందే జవాబు: మిగతా పనులన్నీ ఈ మిషను మీదే జరుగుతున్నాయి, పాట కోసం ప్రతిసారీ ఇంకో సిస్టమ్‌లోకి బూట్ అయ్యే ఓపిక నాకు లేదు.

శనివారం మధ్యాహ్నం

ఇంటర్‌ఫేస్ పెట్టాను. దాని మీద పచ్చ లైటు వెలిగింది. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో పేరుతో సహా కనపడింది. ఆర్డౌర్ తెరిచి ఒక పాత ట్రాకు ప్లే చేస్తే మీటర్లు ఎగిరెగిరి పడుతున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం నిశ్శబ్దం.

చిరాకు తెప్పించేది సరిగ్గా ఇదే. ఎర్రర్ మెసేజ్ అంటూ ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని వెతకొచ్చు. ఇక్కడ అడిగిన ప్రతి చోటా అంతా బాగుందనే అంటారు. లినక్సు గుండెకాయ అయిన కెర్నల్‌కి సౌండ్ కార్డు కనపడుతోంది, ప్రోగ్రాముల సౌండ్‌ని కలిపి కార్డుకి పంపే సౌండ్ సర్వర్ నడుస్తోంది, ఆర్డౌర్ ప్లే చేస్తోంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

టెర్మినల్లో ‘ఏప్లే -ఎల్’ కొట్టి చూశాను. ఈ కమాండు పై పొరలు వేటితోనూ సంబంధం లేకుండా, కెర్నల్‌కి తెలిసిన కార్డుల జాబితా ఇస్తుంది. కార్డు 0 అంటే హెచ్‌డీఎంఐ. కార్డు 1 ల్యాప్‌టాప్ లోపలి సౌండ్. కార్డు 2 నా ఇంటర్‌ఫేస్. ఆర్డౌర్ డిఫాల్ట్ కార్డుకి పంపుతోంది, డిఫాల్ట్ అంటే సున్నా, సున్నా అంటే అసలు మానిటరే తగిలించని హెచ్‌డీఎంఐ పోర్టు. పాట అంతా అక్కడికి పోతోంది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఈ నంబర్లు శాశ్వతం కావు. బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవర్ ముందు లేస్తే దానికి ముందు నంబర్ వస్తుంది. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ని పెట్టే బూట్ చేస్తే ఒకలా, బూట్ అయ్యాక పెడితే ఇంకోలా రావచ్చు. సెట్టింగ్స్‌లో ‘హెచ్‌డబ్ల్యూ:2’ అని నంబర్ రాసుకుంటే రేపు అది మరో కార్డుకి తగులుతుంది. అదే జాబితాలో ప్రతి కార్డుకీ చదరపు బ్రాకెట్ ముందు ఒక పొట్టి పేరు ఉంటుంది. ఆ పేరు నంబర్లతో పాటు మారదు. నంబర్ రాయాల్సిన ప్రతి చోటా పేరే రాశాను.

ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకున్నాక కూడా నిశ్శబ్దమే. ‘ఆల్సామిక్సర్’ తెరిచాను. టెర్మినల్లోనే గీతలతో గీసిన నిలువు పట్టీలు వస్తాయి. ఎఫ్6 నొక్కి కార్డు మార్చుకోవాలి, లేకపోతే మొదట కనపడేది సౌండ్ సర్వర్ తాలూకు ఒకే ఒక్క పట్టీ. నా కార్డులో పట్టీ నిండుగా వందలో ఉంది. దాని అడుగున చిన్న పెట్టెలో మాత్రం రెండు ఎమ్‌లు. మ్యూట్ అని దాని అర్థం. కీబోర్డు మీద ఎమ్ నొక్కితే రెండు సున్నాలయ్యాయి, హెడ్‌ఫోన్స్‌లో పాట వచ్చింది. కార్డుతో మాట్లాడే పొర ఆల్సాలో చానెళ్లు మొదట మూగగానే ఉండటం మొదటినుంచీ ఉన్న ఆచారం. ఉన్నట్టుండి స్పీకర్లు పేలిపోకూడదని పెట్టారు. ఉద్దేశం మంచిదే. పక్కన ఒక ముక్క రాసి పెట్టొచ్చు కదా.

‘ఆల్సాక్టల్ స్టోర్’ కొట్టి ఈ స్థితిని సేవ్ చేశాను. బూట్ అయ్యేటప్పుడు అక్కడినుంచే తిరిగి చదువుకుంటుంది.

శనివారం రాత్రి

కొంచెం చదివాను. చదవకపోతే ఏ సలహా ఏ కాలానిదో తెలియడం లేదు.

అట్టడుగున ఉన్నది ఆల్సా. యారోస్లావ్ కిసేలా 1998లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఉన్న సౌండ్ వ్యవస్థ ఓఎస్‌ఎస్‌ని పక్కకు నెట్టి, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నల్‌తో ప్రామాణికమైంది. కార్డుతో మాట్లాడేది ఇదొక్కటే. పై పొరల పేర్లు ఎన్ని మారినా చివరికి అన్నీ దీని గుమ్మం ముందుకే రావాలి. చాలా కార్డుల్లో దీనికున్న ఇబ్బంది ఏంటంటే, ఒక కార్డుని ఒక సమయంలో ఒక ప్రోగ్రామే నేరుగా తెరవగలదు.

అందుకని పైన సౌండ్ సర్వర్లు వచ్చాయి. మామూలు వాడకానికి లెనార్ట్ పోటరింగ్ రాసిన పల్స్‌ఆడియో. 2007 నవంబర్‌లో లినక్సు కూర్పుల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన ఫెడోరా 8తో డిఫాల్ట్‌గా వచ్చి, తర్వాత మిగతా డిస్ట్రోలకీ పాకింది. బ్రౌజరూ వీడియో ప్లేయరూ ఒకేసారి పలకాలంటే ఇది చాలు. సంగీతానికి మాత్రం చాలదు, ఎందుకంటే దీని ధ్యాస అంతా బ్యాటరీ ఆదా మీద, పెద్ద పెద్ద బఫర్ల (సౌండ్‌ని ముందే నింపి ఉంచుకునే నిల్వల) మీద. సంగీతం చేసేవాళ్ల కోసం జాక్ ఉండేది. ఆర్డౌర్ మొదలుపెట్టిన పాల్ డేవిసే దాన్నీ మొదలుపెట్టాడు. ఏ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌నైనా ఏ ప్రోగ్రామ్ ఇన్‌పుట్‌కైనా తీగ లాగి కలిపినట్టు కలపొచ్చు, ఆలస్యం కూడా తక్కువ. కానీ జాక్ నడిస్తే పల్స్‌ఆడియోకి కార్డు దొరకదు, పల్స్‌ఆడియో పట్టుకుంటే జాక్ లేవదు. ఏళ్ల తరబడి లినక్సు సంగీతకారుల ఏడుపంతా ఈ రెంటి మధ్యే.

ఇప్పుడున్నది పైప్‌వైర్. విమ్ టేమన్స్ రాశాడు. ఫెడోరా 34, అంటే 2021 ఏప్రిల్ నుంచి పల్స్‌ఆడియో స్థానంలోకి, జాక్ స్థానంలోకి కూడా వచ్చింది. 1.0 వెర్షన్ 2023 నవంబర్‌లో. పాత ప్రోగ్రాములకి పల్స్‌ఆడియోలా కనపడుతుంది, ఆర్డౌర్‌కి జాక్‌లా కనపడుతుంది. ఏ కార్డుని ఎప్పుడు ఎలా వాడాలో నిర్ణయించేది మాత్రం దాని పక్కన నడిచే వైర్‌ప్లంబర్.

ఈ చరిత్ర నాకెందుకు పనికొచ్చిందంటే, వెతికితే దొరికే సలహాల్లో సగం పల్స్‌ఆడియో కాలానివి. “ముందు పల్స్‌ఆడియో తీసెయ్యండి” అని మొదలయ్యే వ్యాసం ఏదైనా ఇప్పటి మిషనుకి పనికిరాదు. తీసేద్దామన్నా అక్కడ పల్స్‌ఆడియో ఉండదు, దాని వేషంలో పైప్‌వైర్ ఉంటుంది. ‘ప్యాక్టల్ ఇన్ఫో’ కొడితే సర్వర్ పేరు దగ్గర ‘పల్స్‌ఆడియో’ అని, పక్కన బ్రాకెట్లో ‘ఆన్ పైప్‌వైర్’ అని వస్తుంది. ఇక నుంచి ఏ సలహా చూసినా ముందు తేదీ, తర్వాతే కమాండు.

ఆదివారం

ఆర్డౌర్‌ని నేరుగా ఆల్సా మీద నడిపితే అన్నిటికంటే తక్కువ ఆలస్యం అని చాలామంది అంటారు. ప్రయత్నించాను. ఒక్కోసారి తెరుచుకుంటుంది, ఒక్కోసారి ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’. ఎప్పుడు ఏది వస్తుందో అంతుబట్టలేదు. ‘ఫ్యూజర్ -వి’ కమాండుని డెవ్ ఫోల్డర్లోని ఎస్‌ఎన్‌డీ ఫైళ్ల మీద వదిలితే కార్డుని ఎవరు పట్టుకున్నారో చెప్పేసింది: పైప్‌వైర్. దాని వెనక, బ్రౌజర్లో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఒక వీడియో ట్యాబ్. మామూలుగా సౌండ్ ఆగిన కొన్ని సెకన్లకి పైప్‌వైర్ కార్డుని వదిలేస్తుంది. ట్యాబ్ ఏదైనా పలుకుతుంటే వదలదు. అందుకే ఆ దాగుడుమూతలు.

తేల్చుకున్నాను. పైప్‌వైర్‌తో కుస్తీ పట్టను, దాని జాక్ వేషాన్నే వాడతాను. ఆర్డౌర్‌లో బ్యాకెండ్ (సౌండ్ పంపే దారి) జాక్ అని పెట్టి, ‘పీడబ్ల్యూ-జాక్’ ద్వారా తెరిచాను. లేచింది. బ్రౌజరూ పలుకుతోంది, ఆర్డౌరూ పలుకుతోంది, ఎవరూ ఎవర్నీ తొయ్యడం లేదు. పదేళ్ల కిందట ఇది జరిగే పని కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

గిటారు పెడితే కుడి చెవిలో మాత్రమే వచ్చింది. ఇది చూడటానికి లోపంలా ఉంటుంది గానీ కాదు. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్‌ని డెస్క్‌టాప్ ఒక స్టీరియో మైకు అనుకుంటుంది. మొదటి సాకెట్ ఎడమ, రెండోది కుడి. గిటారు రెండో సాకెట్లో ఉంది. ‘పావుకంట్రోల్’లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌కి వెళ్లి కార్డు ప్రొఫైల్‌ని ‘ప్రో ఆడియో’గా మార్చాను. ఇప్పుడు ఎడమా కుడీ లేవు, ఆక్స్ 0, ఆక్స్ 1 అని రెండు విడి చానెళ్లు. ఆర్డౌర్‌లో మైకుకి ఒక మోనో ట్రాకు, గిటారుకి ఒక మోనో ట్రాకు. ఈ ప్రొఫైల్‌లో ఇంకో లాభం ఉంది. కొత్త వెర్షన్లలో ఇది టైమర్ మీద కాకుండా కార్డు ఇచ్చే ఇంటరప్ట్ (పని ఉందనే పిలుపు) మీదే నడుస్తుంది, కాబట్టి చిన్న బఫర్లకి బాగా ఒదుగుతుంది. ఏ సంగీతం పనికైనా మొదట మార్చాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఇంత ముఖ్యమైన మార్పు డ్రాప్‌డౌన్‌లో చిట్టచివర ఎందుకు దాక్కుందో!

సాయంత్రం అక్క వచ్చి మైకు ముందు నిలబడింది. రెండు లైన్లు పాడి ఆపేసింది.

“నేను పాడేశాక వస్తోందిరా నా గొంతు. ఆగి ఆగి పాడాలా ఏంటి?”

“అదే సరిచేస్తున్నా అక్కా, ఇంకో పది నిమిషాలు.”

“నువ్వు పొద్దున్నా పది నిమిషాలే అన్నావు.”

సోమవారం రాత్రి

ఆలస్యం లెక్క. పైప్‌వైర్ సౌండ్‌ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కలో ఎన్ని శాంపిల్స్ (సౌండ్ కొలతలు) ఉంటాయో దాన్ని క్వాంటమ్ అంటారు. మామూలుగా 1024. సెకనుకి 48,000 శాంపిల్స్ లెక్కన 1024 అంటే 21.3 మిల్లీసెకన్లు. 256కి 5.3. 128కి 2.7. ఈ మూడు అంకెలూ చూసి, 256 పెట్టేస్తే చాలు, ఐదు మిల్లీసెకన్లేగా అనిపిస్తుంది. ‘పీడబ్ల్యూ-మెటాడేటా’తో క్వాంటమ్‌ని 256కి బిగించాను. అక్క విని పెదవి విరిచింది. ఇంకా వెనకబడుతోందంది.

చెవికి తెలిసేది ఒక ముక్క నిడివి కాదు, గొంతు మైకులోకి వెళ్లి మళ్లీ హెడ్‌ఫోన్స్‌లోంచి వచ్చేదాకా పట్టే మొత్తం సమయం. దాన్ని ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఇంటర్‌ఫేస్ మొదటి అవుట్‌పుట్ నుంచి మొదటి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ తగిలించి, ‘జాక్-ఐఓడిలే’ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపితే చాలు. అది ఒక కూత పంపించి, తిరిగొచ్చేదాకా ఎన్ని శాంపిల్స్ పట్టిందో లెక్కిస్తుంది. కేబుల్ పెట్టే ముందు వాల్యూమ్ తగ్గించాలి, హెడ్‌ఫోన్స్ చెవినుంచి తియ్యాలి. ఆ కూత భరించలేం.

256 దగ్గర 842 శాంపిల్స్ వచ్చింది. అంటే 17.5 మిల్లీసెకన్లు. 128 దగ్గర 458, అంటే 9.5. ఈ రెంటి తేడా 384, సరిగ్గా 128కి మూడింతలు. అంటే నా దారిలో మొత్తం మూడు ముక్కల నిడివి పడుతోంది. 458లోంచి ఆ 384 తీసేస్తే 74 మిగిలింది. ఒకటిన్నర మిల్లీసెకను. ఇది ఇంటర్‌ఫేస్ లోపలి కన్వర్టర్లదీ యూఎస్‌బీ ప్రయాణానిదీ, క్వాంటమ్ ఎంత తగ్గించినా ఇది తగ్గదు. ఈ లెక్క దొరికాక నాకు సగం టెన్షన్ తీరింది. అప్పటిదాకా ఏదో ఒకటి మార్చి, చెవికి బాగుందేమో అని అడుగుతూ కూర్చున్నాను. ఇకమీదట అంకె మాట్లాడుతుంది.

గాలిలో శబ్దం వేగం సెకనుకి దాదాపు 343 మీటర్లు. 17.5 మిల్లీసెకన్లంటే స్పీకర్‌కి ఆరు మీటర్ల దూరంలో నిలబడి వినడం. 9.5 అంటే మూడు మీటర్ల పైచిలుకు. గిటారు వాయించేవాడు ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడటం మామూలే, కాబట్టి నాకు 256 కూడా పెద్దగా అడ్డు రాలేదు. పాడేవాళ్ల సంగతి వేరు. తమ గొంతు ఎముకల గుండా వాళ్లకి అప్పటికప్పుడే వినపడుతుంది, హెడ్‌ఫోన్స్‌లోది దాని వెనకాల వచ్చి కలుస్తుంది. అందుకే అక్కకి తెలిసింది, నాకు తెలియలేదు.

కాబట్టి గురి 128. పెట్టాను. ఆలస్యం పోయింది. చిటపటలు మొదలయ్యాయి.

మంగళ, బుధవారాలు

రెండ్రోజులూ ఇదే పని కాబట్టి కలిపి రాస్తున్నాను.

చిటపట అంటే ఏంటంటే, 128 శాంపిల్స్ ముక్కని 2.7 మిల్లీసెకన్లలోపు సిద్ధం చేసి కార్డుకి అందించాలి. అందకపోతే ఆ చోట ఖాళీ పడుతుంది. దీన్ని ఎక్స్‌రన్ అంటారు. సగటున ప్రాసెసర్ ఎంత ఖాళీగా ఉందన్నది ఇక్కడ అనవసరం. ఆర్డౌర్ లోడు పదిహేను శాతం కూడా దాటలేదు, అయినా చిటపటే. ఒక్క ముక్క ఆలస్యమైతే చాలు. అందుకే కొత్త మిషను కొంటే సరిపోతుందనే మాట నేను నమ్మను.

చెవితో వేటాడటం మానేసి ‘పీడబ్ల్యూ-టాప్’ తెరిచి పెట్టుకున్నాను. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక వరస. క్వాంటమ్, రేటు, ముక్కకి పట్టిన సమయం, చివర్లో ఈఆర్ఆర్ అనే గడి. ఎక్స్‌రన్ పడ్డప్పుడల్లా ఆ గడిలో అంకె పెరుగుతుంది. నా పద్ధతి: ఒక్క మార్పు మాత్రమే చెయ్యడం, ఒక పాట నిడివి పాటు ఆ గడినే చూడటం. తేడా లేకపోతే మార్పు వెనక్కి. తేడా ఇవ్వని మార్పుని ఉంచుకుంటే ఆరునెలల తర్వాత అది ఎందుకుందో ఎవరికీ తెలియదు.

మొదటిది ప్రాధాన్యం. సౌండ్ పని చేసే థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లోని ఒక పని వరసకి) మిగతావాటికంటే ముందు ప్రాసెసర్ దొరకాలి, దానికి అనుమతి కావాలి. లిమిట్స్ ఫైల్లో ఆడియో గ్రూపుకి ఆర్‌టీప్రయో (ప్రాధాన్యం) 95, మెమ్‌లాక్ (మెమరీ పట్టి ఉంచే పరిమితి) అన్‌లిమిటెడ్ అని రాసి, నా యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చాను. పూర్తిగా లాగౌట్ అయి వస్తేగానీ ఇది అమలు కాదు, టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. ‘యూలిమిట్ -ఆర్’ కొడితే 95 అని రావాలి. థ్రెడ్ల జాబితాలో పైప్‌వైర్ పక్కన 88 కనపడింది. గడిలో అంకె పెరగడం బాగా నెమ్మదించింది, ఆగలేదు.

రెండోది ప్రాసెసర్ వేగం. ల్యాప్‌టాప్ కరెంటు ఆదా కోసం ప్రాసెసర్‌ని నెమ్మదిగా నడిపి, పని వచ్చినప్పుడు వేగం పెంచుతుంది. ఆ పెంచేలోపే నా 2.7 మిల్లీసెకన్లు అయిపోతున్నాయి. ఆ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పర్ఫామెన్స్‌కి మార్చాను. మళ్లీ తగ్గింది.

మిగిలినవి విచిత్రంగా ఉన్నాయి. ఎవరూ ఏమీ వాయించకపోయినా, ఇంచుమించు ఒకే ఎడంతో, జంటలు జంటలుగా పడుతున్నాయి. సంగీతం వల్ల వచ్చేవైతే ఇంత క్రమం ఉండదు, గడియారం చూసుకుని పనిచేసేది ఏదో ఉండాలి. ‘ఆర్‌ఎఫ్‌కిల్’తో వైఫై ఆపాను. జంటలు ఆగిపోయాయి. ఆన్ చేశాను, వచ్చాయి. కొంతసేపటికోసారి దగ్గర్లోని నెట్‌వర్కులన్నీ వెతికే పనిలో ఆ డ్రైవర్ కెర్నల్‌ని కాసేపు పట్టుకుని కూర్చుంటోంది. సౌండ్ గురించి రాసిన ఏ గైడూ వైఫై పేరుతో మొదలవదు, కానీ ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లు ముందు చూడాల్సింది అదే అంటాను.

చివరిది హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసే పెట్టె). ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’ కొడితే యూఎస్‌బీ పరికరాలు చెట్టు కొమ్మల్లా కనపడతాయి. నా ఇంటర్‌ఫేసూ వెబ్‌క్యామూ ఒకే హబ్ కింద ఉన్నాయి. యూఎస్‌బీ 2.0 హైస్పీడులో ప్రతి 125 మైక్రోసెకన్లకీ ఒక బండి బయల్దేరుతుంది, ఆడియోకి అందులో సీటు రిజర్వు అయి ఉంటుంది. లెక్క ప్రకారం క్యామెరా పక్కన ఉన్నా ఇబ్బంది ఉండకూడదు. నా హబ్ ఆ లెక్క చదువుకోలేదు. ఇంటర్‌ఫేస్‌ని నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకి మార్చాను. గడి సున్నా దగ్గర నిలబడిపోయింది.

పనులు గడువులోపు జరిగేలా చూసే రియల్‌టైమ్ కెర్నల్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ప్రతి చర్చా అక్కడికే చేరుతుంది. ఇరవై ఏళ్ల పాటు విడి ప్యాచ్‌గా ఉన్న, దానికి ఆధారమైన ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12 కెర్నల్‌తో అసలు కెర్నల్‌లోకి వచ్చేసింది. మంచిదే. నాకు మాత్రం మామూలు కెర్నల్‌తోనే 128 దగ్గర గడి సున్నా. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ‘థ్రెడ్ఐఆర్‌క్యూస్’ అనే బూట్ ఆప్షన్ కూడా పెట్టి చూశాను, ఏ తేడా రాలేదు, తీసేశాను.

గురువారం

మిడి కీబోర్డు. పెట్టగానే పలికింది. రాసేందుకు ఇంకేం లేదు.

పాత ప్రాజెక్టు ఒకటి సెకనుకి 44,100 శాంపిల్స్ రేటుది. ఇప్పుడు అంతా 48,000 మీద నడుస్తోంది. తెరిస్తే ఆర్డౌర్ రేటు తేడా ఉందని హెచ్చరించింది. దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్తే పాట వేగంగా, శ్రుతి పెరిగి వినపడుతుంది. దాని కోసం రేటుని కూడా ఆ ‘పీడబ్ల్యూ-మెటాడేటా’తోనే బిగించి తెరిచాను.

వైఫై ఆపడం, గవర్నర్ మార్చడం, క్వాంటమ్ 128 చెయ్యడం, ఇవి ప్రతిసారీ చేత్తో చెయ్యలేను. అలాగని ఎప్పుడూ అలాగే ఉంచితే బ్యాటరీ హరించుకుపోతుంది. రెండు చిన్న స్క్రిప్టులు రాశాను. ఒకటి ‘మొదలు’, ఇంకోటి ‘చాలు’. మొదటిది అన్నీ పెడుతుంది, రెండోది అన్నీ తీస్తుంది.

శనివారం, అక్కతో

మిషను పూర్తిగా ఆపి ఆన్ చేశాను. కార్డు నంబర్లు ఈసారి తారుమారయ్యాయి, ఇంటర్‌ఫేస్ 1 అయింది. పేరుతో రాసుకున్నందువల్ల ఎవరికీ ఏం కాలేదు. ‘మొదలు’ నడిపాను, ఆర్డౌర్ తెరిచాను, మీటర్లు లేచాయి, సౌండ్ కూడా లేచింది.

అక్క పాడటం మొదలుపెట్టి, రెండో లైన్ దగ్గర ముఖం చిట్లించింది. ఆలస్యం లేదు గానీ గొంతు బోలుగా ఉందంది. హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకుని చూస్తే నిజమే, గొంతులో ఉండాల్సిన నిండుదనం లేదు. ఇంటర్‌ఫేస్ ముందు భాగంలో డైరెక్ట్ మానిటర్ అని ఒక నాబ్ ఉంది. అది మైకుని కంప్యూటర్‌కి పోకుండానే హెడ్‌ఫోన్స్‌కి కలుపుతుంది. అది సగం తిప్పి ఉంది. అంటే ఒకే గొంతు రెండు దారుల్లో వస్తోంది, ఒకటి వెంటనే, ఇంకోటి 9.5 మిల్లీసెకన్ల తర్వాత. రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాబ్‌ని పూర్తిగా కంప్యూటర్ వైపు తిప్పితే గొంతు నిండుగా వచ్చింది.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. నాబ్‌ని డైరెక్ట్ వైపు తిప్పి, ఆర్డౌర్ సెట్టింగ్స్‌లో మానిటరింగ్‌ని ఆడియో హార్డ్‌వేర్‌కి అప్పగిస్తే, అసలు ఆలస్యమే ఉండదు, క్వాంటమ్ 1024 ఉన్నా పర్వాలేదు. ఇన్ని రాత్రుల వేటా తప్పేది. కానీ అప్పుడు రివర్బ్ వినపడదు, పొడి గొంతే వినపడుతుంది. అక్క పొడి గొంతుకి పాడలేనంటుంది, తనకి కొంచెం గుడి మండపం కావాలి. పాడే మనిషికి అభ్యంతరం లేకపోతే మాత్రం అన్నిటికంటే సులువు ఇదే, ముందు ఇదే ప్రయత్నించమంటాను.

ఆర్డౌర్ తెరిచే విండోలో ఆలస్యాన్ని కొలిచి సరిచేసే (కాలిబ్రేట్) బటన్ ఒకటి ఉంటుంది, జాక్ దారిలో అది నాకు దొరకలేదు. అయినా గిటారు మీద గొంతు ఎక్కడ పడుతుందో చూడాలిగా. మెట్రోనోమ్ క్లిక్‌ని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి తగిలించిన అదే కేబుల్‌తో తిరిగి రికార్డు చేసి, రెండు వేవ్‌ఫామ్‌లనీ బాగా జూమ్ చేసి పక్కపక్కన పెట్టాను. 74 శాంపిల్స్ వెనక పడింది. మళ్లీ అదే 74. పైప్‌వైర్‌కి తన ముక్కల లెక్క తెలుసు, కన్వర్టర్ల లెక్క తెలియదు. ఒకటిన్నర మిల్లీసెకను ఎవరికీ వినపడదు, వదిలేశాను.

పూర్తి టేకు తీశాం. గడి సున్నా. మళ్లీ తీశాం. సున్నా.

ఆదివారం

ముందు రాసిపెట్టుకున్నవాటిలో మొదటి రెండూ అయ్యాయి. మూడోది సగం. ఆపి ఆన్ చేస్తే బాగుంది. మూత వేసి నిద్రపుచ్చి తెరిస్తే మాత్రం ఇంటర్‌ఫేస్ జాబితాలో కనపడుతుంది, మీటర్లు లేవవు. పైప్‌వైర్‌నీ వైర్‌ప్లంబర్‌నీ యూజర్ సర్వీసులుగా రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి లేస్తుంది, లేకపోతే కేబుల్ పీకి పెట్టాలి. కెర్నల్ లాగ్‌లో ఆ సమయానికి యూఎస్‌బీ రీసెట్ లైన్లు ఉన్నాయి, కాబట్టి పై పొరలని ప్రస్తుతానికి అనుమానించడం లేదు. యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని బూట్ ఆప్షన్లో -1 చేసి ఆపి చూడాలి. తేడా రాకపోతే అదీ వెనక్కే.

విండోస్ కోసం చేసిన ప్లగిన్లని (సౌండ్‌కి ఎఫెక్టులూ వాయిద్యాలూ కలిపే ప్రోగ్రాములని) లినక్సులో వైన్, యాబ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్ల ద్వారా నడపడం ఇంకా ముట్టుకోలేదు. ముట్టుకునే ముందు ఇప్పటి కాన్ఫిగ్ ఫైళ్లన్నీ మార్పుల చరిత్ర దాచే ఒక గిట్ ఫోల్డర్లోకి కాపీ చేస్తున్నాను. రెండో చరణం మళ్లీ పాడతానని అక్క అంటోంది, అంతవరకు ల్యాప్‌టాప్ మూత వెయ్యడం లేదు.